నూట నాలుగో నంబరు

మల్కాపురం, విశాఖపట్నం
22 జూన్ 2002

భ్రమరాంబ మేడమ్ గారికి,

నమస్కారాలు. మీరు వెళ్ళి నాలుగు నెలలైంది. ఇన్నాళ్ళూ ఆఫీసు మెయిల్లో రెండేసి ముక్కలు రాస్తూ వచ్చాను. ఈసారి కాగితం మీద రాస్తున్నాను. కారణం మీకు తెలుసు. రూట్ పాస్‌వర్డు తెలిసినవాళ్ళు మన సర్వర్లో ఎవరి మెయిలైనా విప్పి చదవగలరు. అది ఇప్పుడు ఎంతమంది నోట్లో ఉందో అడ్మిన్‌గా ఉన్న నాకే తెలియదు. ఫోన్ చేద్దామంటే వానలు మొదలయ్యాక బచేలి లైను దొరకడం లేదు.

మొన్న గురువారం మన యార్డులో పెద్ద ప్రమాదం తప్పింది. పోర్టుకి పంపాల్సిన లిఫ్టింగ్ బీమ్‌ని బరువు కట్టి పరీక్షిస్తున్నారు. మన ఫోర్‌మన్ సన్యాసిరాజు గారికి ఏం అనుమానమొచ్చిందో, బరువు నేల విడిచే ముందే ఈల ఊది అందర్నీ దూరంగా తోలేశారు. అడుగెత్తు లేచిందో లేదో, మధ్యలో అతుకు పగిలి బీమ్ రెండుగా ఒరిగిపోయింది. నేను మేడ మీది కిటికీలోంచి ఆ చప్పుడు విన్నాను. బయట రోడ్డు మీద ఆటోల గోల అలవాటే కదా, ఏదో లారీ గుద్దిందనుకున్నాను. దిగి చూస్తే అందరూ గోడకి ఆనుకుని నిలబడిపోయి ఉన్నారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. సన్యాసిరాజు గారు మాత్రం నోట్లో ఈల అలాగే పెట్టుకుని కింద కూర్చుండిపోయారు.

డ్రాయింగు తీసి చూశారు. పన్నెండు మిల్లీమీటర్లు ఉండాల్సిన వెల్డింగు ఆరు అని ఉంది. మేలో మేనేజరు అర్జునరావు గారు సరిచూసి సంతకం పెట్టిన కాగితంలో పన్నెండే ఉంది. అంటే ఆ తర్వాత ఎవరో కంప్యూటర్లో ఫైలు మార్చారు. ఫైలు తేదీ జూన్ 12. ఫైలు యజమానిగా కంప్యూటర్ చూపిస్తున్న పేరు ఎల్లాజీ.

నాలుగో టేబుల్ దగ్గర కూర్చునే ఎల్లాజీ మీకు గుర్తున్నాడు కదా? పెదజాలరిపేట నుంచి సైకిల్ మీద వస్తాడు, చేత్తో గీసే రోజుల నుంచీ ఉన్నాడు. అతను ఒకటే మాట అంటున్నాడు: "నాను ఆ బొమ్మ ముట్టుకోనేదు." అర్జునరావు గారు విచారణ మొదలుపెట్టారు. ఫైలు ఎవరిదో అడ్మిన్‌గా నన్ను రాసి సంతకం పెట్టమన్నారు. రెండు వారాల గడువు అడిగాను.

ఒక సంగతి ఉంది. జూన్ 11న కరెంటు పోయి వచ్చి, పోయి వచ్చి, మన మొదటి సర్వర్ సింహాద్రి పడిపోయింది. డిస్కులన్నీ రెండో సర్వర్ యారాడ అందుకుంది. మీరు చెప్పినట్టే మూడు రోజులు పనంతా యారాడ మీదే నడిచింది, ఒక్క ఫైలూ పోలేదు. 14న మళ్ళీ సింహాద్రికి మార్చాను. ఈ మారడంలో నేనేమైనా తప్పు చేశానా? చేస్తే చెప్పండి మేడమ్. నాకు చేతనైనంత వెతికాను, ఏమీ కనబడలేదు.

మీ
ఈశ్వరి

~

బచేలి
29 జూన్ 2002

చిరంజీవి ఈశ్వరికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం నిన్న సాయంత్రం చేరింది. సన్యాసిరాజు ఈల ఊదాడన్నచోట నాకు ఊపిరాడింది. మిగతాది తర్వాత చదివాను.

ఇక్కడ వాన పడితే వీధంతా ఎర్రగా పారుతుంది. ఇనుపరాయి దుమ్ము కదా, తెల్లచీర కట్టుకోవడం మానేశాను. మా ఆయన గని షిఫ్టుకి వెళితే ఇంట్లో గోడ గడియారం తప్ప మాట్లాడేవాళ్ళు లేరు. పక్కింటి ఒరియా ఆవిడ వెదురు కొమ్ముల కూర ఇచ్చింది, బాగుంది.

నువ్వేమీ తప్పు చేయలేదు. యారాడ మీదికి మారడం, తిరిగి రావడం, రెండూ నేను రాసిపెట్టిన వరసలోనే చేశావు. ఆ విషయంలో దిగులు పెట్టుకోకు. ముందు రూట్ పాస్‌వర్డు మార్చు. అది తెలిసినవాళ్ళ పేర్లు రాసుకో. ఫైళ్ళు మార్చే అధికారం ఎవరెవరికి ఉందో చూడు. ఎల్లాజీ నెమ్మదైనవాడే, కానీ తొందరలో ఎవరి చెయ్యి అయినా జారుతుంది. కావాలని చేసి ఉండడు.

నిన్ను సంతకం అడిగితే, రికార్డు ఏం చూపిస్తే అది రాయి. అంతకంటే ఎక్కువ రాయకు, తక్కువ రాయకు. అడ్మిన్ పని అంతవరకే.

వేళకి తిను. సర్వర్ గదిలో ఏసీ చల్లదనానికి నీకు దగ్గు వస్తుంది, శాలువా కప్పుకో.

ఆశీస్సులతో,
భ్రమరాంబ

~

మల్కాపురం, విశాఖపట్నం
6 జులై 2002

గౌరవనీయులైన భ్రమరాంబ గారికి,

మీరు చెప్పినట్టే రికార్డు చూపించింది రాశాను. ఎక్కువ రాయలేదు, తక్కువ రాయలేదు. "బీమ్ డ్రాయింగు ఫైలు, మార్పు తేదీ జూన్ 12, యజమాని ఎల్లాజీ" అని రాసి గురువారం సంతకం పెట్టాను. శుక్రవారం పొద్దున ఎల్లాజీని సస్పెండ్ చేశారు. సోమవారం లోపల తప్పు ఒప్పుకోకపోతే పోలీసు కంప్లయింటు ఇస్తామన్నారు. సాయంత్రానికి ఆ గడువు ఈ నెలాఖరుకి జరిపారు.

వెళ్ళేటప్పుడు అతను నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. కోపంగా ఏమైనా అంటాడనుకున్నాను. గొంతు తగ్గించి అడిగాడు.

"ఈశ్వరమ్మా, ఆ మిషన్ అబద్దం ఆడదా?"

"ఆడదు ఎల్లాజీ గారూ."

"అయితే నానే అబద్దం ఆడతన్నానా?"

స్కేలు, పెన్సిళ్ళు, కళ్ళజోడు పెట్టె అన్నీ సంచిలో వేసుకుని మెట్లు దిగిపోయాడు. ఇరవై రెండేళ్ళు కూర్చున్న కుర్చీ కదా, వెళ్ళేముందు దాన్ని టేబుల్ కిందికి తోసి మరీ వెళ్ళాడు.

మరో సంగతి. విచారణ అయ్యేదాకా రూట్ పాస్‌వర్డు నా దగ్గర ఉండకూడదన్నారు. అర్జునరావు గారు బయటి ఇంజనీర్ని పిలిపించి దాన్ని మార్పించి, కవర్లో పెట్టి సీలు వేయించి బీరువాలో దాచారు. ఇప్పుడు నేను పేరుకే అడ్మిన్ని. మామూలు ఆపరేటర్‌కి ఎంత కనబడుతుందో నాకూ అంతే కనబడుతుంది.

మీరు నాకు అప్పగించిన డైరీలు మొదటినుంచీ మళ్ళీ చదివాను. ప్రతి పనీ గంటా నిమిషాలతో రాశారు. ఏ రోజు ఏ కేబుల్‌కి తుప్పు పట్టిందో కూడా ఉంది. కానీ 1999 సెప్టెంబరులో, తుఫానుకి సింహాద్రి ఆగి మొట్టమొదటిసారి యారాడ మీద పనిచేసిన రోజులున్నాయి చూశారా, ఆ రెండు పేజీలూ లేవు. కత్తిరించిన అంచు ఉంది.

ఆ రోజుల్లో ఏం జరిగింది? నేను అడ్మిన్‌గా అడగడం లేదు, ఇప్పుడు ఆ అధికారం నాకు లేదు. నా సంతకం వల్ల ఒక మనిషి ఇంట్లో కూర్చున్నాడు. దానికోసం అడుగుతున్నాను.

ఇట్లు,
ఈశ్వరి

~

బచేలి
12 జులై 2002

ఈశ్వరీ,

ఆ పేజీలు కత్తిరించింది నేనే. ఈ ముక్క ముందు రాయకపోతే మిగతాది రాయలేను.

ఇది నువ్వు అర్జునరావు గారికి చదివి వినిపించాల్సి రావచ్చు. అందుకే నీకు తెలిసిన సంగతులు కూడా వరసగా రాస్తున్నాను.

కంప్యూటర్‌కి మనుషుల పేర్లు తెలియవు. నంబర్లే తెలుసు. ఒక ఫైలు ఎవరిదంటే డిస్కు మీద ఒక నంబరు రాసుకుంటుంది, అంతే. ఆ నంబరు ఎవరిదో చెప్పే పట్టీ మాత్రం డిస్కుల మీద ఉండదు, ఏ మిషన్‌కి ఆ మిషన్ దగ్గర విడిగా ఉంటుంది. మనకి డిస్కులు ఉమ్మడి, మిషన్లు రెండు. కాబట్టి సింహాద్రిలో పట్టీ, యారాడలో పట్టీ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. ఇది మొదటి పాఠం. నీకు కూడా మొదటిరోజే చెప్పాను.

నేను అలా చేయలేదు. 98లో సింహాద్రి వచ్చినప్పుడు మీరందరూ కూర్చునే టేబుళ్ళ వరసలో పేర్లు ఎక్కించాను. ఆరు నెలల తర్వాత యారాడ వచ్చింది. అప్పుడు హాజరు పట్టీ ముందు పెట్టుకుని ఆ వరసలో ఎక్కించాను. నంబర్ల సంగతి ఆ పూట నాకు తోచలేదు. సింహాద్రి ఆగితే కదా తెలిసేది! అది ఏడాది పాటు ఆగలేదు.

99 తుఫానులో ఆగింది. పనంతా యారాడ మీదికి వచ్చింది. అరగంటలో ఆఫీసంతా నా చుట్టూ మూగింది. ఎవరి ఫైలు వాళ్ళకి తెరుచుకోదు, పక్కవాడిది తెరుచుకుంటుంది. ఏం జరిగిందో నాకు ఒక్క నిమిషంలో అర్థమైంది. సరిచేయాలంటే ఒక మిషన్లో నంబర్లన్నీ మార్చి, డిస్కుల మీద ఉన్న వేల ఫైళ్ళకీ యజమాని నంబరు మార్చుకుంటూ రావాలి. రెండు రోజులు పని ఆపాలి. ఆపమని అడగాలంటే తప్పు నాదని చెప్పాలి. ఆ ఏడాది నాకు ప్రమోషన్ మాట నడుస్తోంది.

కాబట్టి రూట్‌గా కూర్చుని డ్రాయింగుల ఫోల్డర్లన్నిటికీ, ఉత్తరాల ఫోల్డర్లకీ ఒక్క కమాండుతో అనుమతులు బార్లా తెరిచేశాను. ఎవరైనా చదవచ్చు, ఎవరైనా మార్చచ్చు. గొడవ సద్దుమణిగింది. అందరూ "మేడమ్ అరగంటలో బాగుచేశారు" అన్నారు. తాళం బాగుచేయాల్సింది పోయి తలుపులు ఊడదీశానని ఎవరికీ తెలియదు. ప్రమోషన్ వచ్చింది.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది విను. రూట్ అక్కర్లేదు. మామూలు లాగిన్ చాలు. ఫైళ్ళ జాబితా తీసే కమాండులో ఎల్ బదులు ఎన్ కొట్టు. పేర్ల బదులు నంబర్లు కనబడతాయి. బీమ్ ఫైలుకి ఏ నంబరుందో చూడు. తర్వాత యారాడలోకి వెళ్ళి అక్కడి పట్టీలో ఆ నంబరు ఎవరిదో చూడు. జూన్ 12న ఫైలు పుట్టింది యారాడ మీద. కాబట్టి యారాడ చెప్పే పేరే నిజం. సింహాద్రి చెప్పేది వేరే మనిషి పేరు.

యారాడలో ఆ నంబరు ఎవరిదో నాకు గుర్తులేదు. ఎవరిదైనా సరే, వెనకాడకు.

ఇంకొకటి, ఇది అన్నిటికంటే ముఖ్యం. ఆ మూడు రోజుల్లో అదే నంబరుతో మారిన ఫైళ్ళు ఇంకా ఏమున్నాయో అన్నీ వెతుకు. ఒక్క బీమ్ మాత్రమే మారిందని ఎలా అనుకున్నారు మీరంతా? నేనెలా ఊరుకున్నాను?

పోయిన ఉత్తరంలో "రికార్డు చూపించిందే రాయి" అన్నాను. ఆ రికార్డు ఎందుకు తప్పు చూపిస్తుందో తెలిసీ అన్నాను. నువ్వు నన్ను క్షమించాలని అడగను. వేరే కాగితం మీద ఇదంతా కంపెనీకి రాసి, సంతకం పెట్టి, దీనితో జతచేస్తున్నాను. నీ ఇష్టం వచ్చినప్పుడు ఇవ్వు. ఈ రోజే ఇచ్చినా సరే.

భ్రమరాంబ

~

మల్కాపురం, విశాఖపట్నం
20 జులై 2002

అక్కా,

ఎవరికీ ఏమీ కాలేదు. అది ముందు చదువుకోండి. తర్వాత నిదానంగా మిగతాది.

మీ ఉత్తరం గురువారం మధ్యాహ్నం భోజనం వేళ వచ్చింది. క్యారియరు విప్పకుండానే చదివాను. చదువుతుంటే మీ మీద ఒళ్ళు మండిపోయింది, దాచడం ఎందుకు? కవరు టేబుల్ సొరుగులో పడేసి ఐదు నిమిషాలు మెట్ల మీద నిలబడ్డాను. తర్వాత వచ్చి సీట్లో కూర్చుని మీరు చెప్పినట్టే ఎన్ కొట్టాను.

బీమ్ ఫైలుకి నంబరు 104. సింహాద్రి పట్టీలో 104 ఎల్లాజీ. నాలుగో టేబుల్ కదా. యారాడలోకి వెళ్ళాను. అక్కడ హాజరు పట్టీలో నాలుగో పేరు ఎవరిదో నాకు అప్పుడే గుర్తొచ్చింది, అయినా తెర మీద చూసేదాకా నమ్మలేదు.

అర్జునరావు గారు.

విచారణ చేస్తున్న ఆయనే. నా రూట్ తీసుకుని బీరువాలో పెట్టిన ఆయనే. వెళ్ళి "మీరే మార్చారు" అంటే నా మీదే ఎల్లాజీకి తోడుదొంగనని రాస్తే? కానీ ఇంకా ఏం మారాయో వెతకమన్న మీ మాట కుదురుగా ఉండనివ్వలేదు. జూన్ 11 నుంచి 13 దాకా 104 పేరున ఉన్న ఫైళ్ళన్నీ వెతికాను. పంతొమ్మిది వచ్చాయి. పదిహేడు ఉత్తరాలు. రెండు డ్రాయింగులు. ఒకటి బీమ్. రెండోది ఓడలోకి ఎక్కడానికి వేసే గ్యాంగ్‌వే, దాన్ని క్రేన్‌తో ఎత్తేటప్పుడు కొక్కేలు తగిలించే నాలుగు చెవులు. అది తయారైపోయి యార్డులోనే ఉంది. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ఎత్తి ట్రెయిలర్ మీద పెట్టాలి. తాళ్ళు పట్టుకుని కింద నడిచే ఖలాసీలు ఎనిమిదిమంది.

ఇక ఆలోచించలేదు. ఆ పదిహేడు ఉత్తరాల్లో ఒకటి ప్రింటు తీసుకుని ఆయన గదిలోకి వెళ్ళాను. ఆయన ఫోన్లో ఉన్నారు. కాగితం ముందు పెట్టి నిలబడ్డాను.

"ఏంటమ్మా ఇది?"

"ఇది ఎవరు రాశారండీ?"

చూశారు. నడుం నొప్పిగా ఉంది, కుర్చీ మార్పించండని హెడ్డాఫీసుకి రాసిన ఉత్తరం. జూన్ 12.

"నేనే రాశాను. నా ఉత్తరం నీ చేతికెలా వచ్చింది?"

"అది తర్వాత చెబుతానండీ. దీన్ని ఎల్లాజీ రాశాడని సింహాద్రి అంటోంది."

"ఎల్లాజీ నా నడుం నొప్పి గురించి ఎందుకు రాస్తాడు?"

"రాయడండీ. బీమ్ కూడా అలాగే అతను మార్చలేదు."

ఆయన నా మొహంకేసి చూశారు. కూర్చోమన్నారు. మీ ఉత్తరంలో నంబర్ల సంగతి మొత్తం చదివాను, ఒక్క ప్రమోషన్ మాట తప్ప. అది మీ సొంత విషయం, జతచేసిన కాగితంలో ఎలాగూ ఉంది. చదవడం అయ్యాక ఆయన తెర తన వైపు తిప్పుకుని 104 తానే కొట్టి చూసుకున్నారు. సింహాద్రిలో ఒకసారి, యారాడలో ఒకసారి. మళ్ళీ సింహాద్రిలో.

నుదురు చేత్తో రుద్దుకుంటూ అన్నారు.

"ఆ రోజు పోర్టువాళ్ళు ప్రింట్లు కావాలని మీద కూర్చున్నారమ్మా. అప్పుడే మిషన్ మారిందన్నారు, ఏది ఎక్కడుందో తెలియలేదు. నా దగ్గరున్న కాపీ తెరిచి, అదే పేరుతో డ్రాయింగుల ఫోల్డర్లో సేవ్ చేసి, ప్లాటర్‌కి పంపాను. అది ఏప్రిల్ నాటి చిత్తు కాపీ అయ్యుంటుంది. నాకు అప్పట్నుంచి ఒక్కసారి కూడా తోచలేదే!"

"పాత ఫైలు మీద కొత్తది పడకుండా అడ్డు ఉండాలండీ. అనుమతులు బార్లా తెరిచి ఉన్నాయి, అందుకే పడింది. మీ ఉత్తరం నేను చదవగలిగిందీ అందుకే."

"నా ఉత్తరాలన్నీ అందరికీ కనబడతాయా?"

"మూడేళ్ళుగా కనబడుతున్నాయండీ."

ఆయన "ఒక్క బీమేనా?" అన్నారు. గ్యాంగ్‌వే కూడా, అదీ ఆ రోజుల్లోనే మారిందని చెప్పాను. కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచారక్కా. నడుం నొప్పి మనిషి, మెట్లు రెండేసి దిగి యార్డులోకి పరుగెత్తారు. నేను వెనకాలే.

సన్యాసిరాజు గారు క్రేన్ డ్రైవర్‌తో మాట్లాడుతున్నారు. రేపటి లిఫ్టు ఆపమంటే ముందు ఒప్పుకోలేదు.

"ఏటండీ, క్రేను ఒచ్చి నిలబడిపోనాది. రేపు ఎత్తకపోతే మళ్ళీ ఎప్పుడొస్తాదో. ఏటైందని ఆపుతారు?"

"తప్పు డ్రాయింగు ఇచ్చానయ్యా రాజూ. నేనే ఇచ్చాను. ఆ చెవులు కొలువు."

సన్యాసిరాజు గారు గేజి తీసి నాలుగు చెవుల వెల్డింగూ కొలిచారు. ఆరు, ఆరు, ఆరు, ఆరు. పన్నెండు ఉండాలి. ఆయన గేజి జేబులో పెట్టుకుని, గ్యాంగ్‌వేని అరచేత్తో ఒకసారి తట్టి, "ఓలమ్మో" అన్నారు అంతే. తర్వాత ఖలాసీలని పిలిచి "రేపు మీకు పని నేదు, ఇంటికెల్లి పిల్లల్ని ఎత్తుకోండి" అన్నారు. వాళ్ళకి ఏమీ అర్థం కాక నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. వాళ్ళు గేటు దాటేదాకా నేను అక్కడే నిలబడి చూశాను. ఒక్కొక్కరినీ లెక్కపెట్టాను. ఎనిమిదిమందీ.

ఆ సాయంత్రమే అర్జునరావు గారు "పదమ్మా, ఎల్లాజీ ఇల్లు చూపించు" అన్నారు. ఆయన స్కూటర్ వెనక కూర్చుని పెదజాలరిపేట వెళ్ళాను. ఎల్లాజీ అన్నగారి పడవ దగ్గర ఇసుకలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు, సూది చేతిలోనే ఉంది. పోలీసుల్ని వెంటబెట్టుకొచ్చామేమోనని వెనక్కి చూశాడు కూడా.

అర్జునరావు గారు చుట్టూ మనుషులున్నా గొంతు తగ్గించలేదు.

"ఎల్లాజీ, ఆ ఫైలు నేను మార్చాను. తెలియక మార్చాను. నీ మీద రాసిందంతా తప్పు. సోమవారం నువ్వు రావాలి."

ఎల్లాజీ సూదిని వలకి గుచ్చాడు. "మీరు మారిస్తే నా పేరు ఎలాగ పడిందండి?" అన్నాడు. నంబర్ల సంగతి చెప్పాను. ఇసుక మీద రెండు గళ్ళు గీసి చూపించాను. టక్కున పట్టుకున్నాడక్కా, డ్రాయింగు మనిషి కదా. తల ఊపి, అర్జునరావు గారితో అన్నాడు.

"నా మొకం సూసి ఒక్కసారి అడిగుంటే బాగున్ను బాబూ. ఇరవై రెండేళ్ళ నుంచి సూత్తన్నారు. కాయితం సూసి అడిగేరు."

"తప్పేనయ్యా," అన్నారాయన.

నా వంతు వచ్చింది. సంతకం పెట్టింది నేనేనని చెబుతూ ఏడ్చేశాను. ఎల్లాజీయే అన్నాడు: "నువ్వు కనబడిందే రాసినావమ్మా. కనబడినోణ్ణి నాను గాను, అంతే గదా. ఏడవకు, అందరూ సూత్తన్నారు." వాళ్ళ వదిన మాకు టీ ఇచ్చింది. అర్జునరావు గారు ఇసుకలోనే చతికిలబడి తాగారు. లేవడానికి ఇద్దరం చెరో చెయ్యి పట్టుకున్నాం.

మీ కాగితం నిన్న ఇచ్చాను. చదివి, మడిచి, "ఈవిడని నేను రమ్మన్నానని రాయి. ఊడదీసిన తలుపులు ఈవిడే బిగించాలి" అన్నారు. కోపంగా అన్నారో మామూలుగా అన్నారో నాకు తెలియలేదు. వస్తారా?

నా కోపం పూర్తిగా పోలేదు. ఉన్నమాట చెబుతున్నాను. కానీ మీరు ఆ ఉత్తరం రాయకుండా ఉండచ్చు. బచేలిలో ఉన్నారు, ఎవరూ అడగరు. మీరు రాసింది ఒక్కరోజు ఆలస్యంగా చేరినా శుక్రవారం ఏమయ్యేదో తలుచుకోలేను. అందుకే అక్కా అని మొదలుపెట్టాను.

ఈశ్వరి

~

బచేలి
27 జులై 2002

ఈశ్వరికి,

వస్తాను. ఆగస్టు పదో తేదీ శనివారం పొద్దున ఆఫీసులో ఉంటాను. శని, ఆది రెండు రోజులూ ఎవరూ లాగిన్ కాకుండా చూడు. టేపు మీద పూర్తి బ్యాకప్ రెండు కాపీలు తీయించు, ఒకటి ఆఫీసు బయట పెట్టించు.

ఎనిమిదిమందీ గేటు దాటారన్న వాక్యం మా ఆయనకి చదివి వినిపించాను. ఆ తర్వాత చదవలేకపోతే ఆయన తీసుకుని చదివారు. నీ కోపం పోనవసరం లేదు. ఉంచుకో. అడ్మిన్‌కి పనికొస్తుంది.

భ్రమరాంబ

~

మల్కాపురం, విశాఖపట్నం
13 ఆగస్టు 2002

అక్కా,

మీరు రైలెక్కిన మర్నాడే రాస్తున్నాను, సోమవారం ఎలా గడిచిందో మీరు చూడలేదు కాబట్టి.

తొమ్మిదిన్నరకి అందరూ లాగిన్ అయ్యారు. పావుగంటలో ముగ్గురు నా దగ్గరికి వచ్చారు. "నాకు ఆ ఫోల్డర్ తెరుచుకోవడం లేదేంటి?" అని. "అది మీది కాదు కాబట్టి" అన్నాను. ఎంత హాయిగా ఉందో ఆ మాట అనడం! మూడేళ్ళలో మొదటిసారి మన సర్వర్ ఒకరికి కాదని చెప్పింది. సరిచూసి సంతకమైన డ్రాయింగుని ఇక అర్జునరావు గారు కూడా మార్చలేరు. ఆయనే పొద్దున ప్రయత్నించి చూశారు. "అనుమతి లేదు" అని వస్తే బయటికొచ్చి అందరికీ చెప్పుకుని మురిసిపోయారు.

పదకొండింటికి సింహాద్రిని కావాలనే ఆపాను. ఆయన అనుమతితోనే. అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. రెండు నిమిషాల్లో యారాడ అందుకుంది. ఎల్లాజీని తన ఫైలు తెరవమన్నాను. తెరుచుకుంది. యజమాని ఎల్లాజీ. అతను కళ్ళజోడు పైకి తోసి "ఇటు ఎల్లినా నానే, అటు ఎల్లినా నానే" అన్నాడు. ఆఫీసంతా నవ్వింది.

ఇప్పుడు రూట్‌గా నేరుగా ఎవరూ లాగిన్ కాలేరు. ముందు సొంత పేరుతో వచ్చి, తర్వాతే రూట్ అవ్వాలి. ఎవరు ఎప్పుడు అయ్యారో రాసుకుంటుంది. నేను కూడా అంతే. పాస్‌వర్డు కవరు బీరువాలోంచి తీసి నా చేతికే ఇచ్చారు.

ఎల్లాజీ జీతం, సర్వీసు ఏమీ పోకుండా చూశారు. క్షమాపణ కాగితం అర్జునరావు గారు తన చేత్తో రాసి నోటీసు బోర్డుకి అంటించారు. టైపు చేయించమంటే వద్దన్నారు. గ్యాంగ్‌వే రేపు బుధవారం ఎత్తుతారు, పన్నెండు మిల్లీమీటర్ల వెల్డింగుతో. సన్యాసిరాజు గారు ఇప్పటికి మూడుసార్లు కొలిచారు.

చేరినట్టు ఒక ముక్క రాయండి.

ఈశ్వరి

~

బచేలి
19 ఆగస్టు 2002

ఈశ్వరీ,

క్షేమంగా చేరాను.

ఆదివారం ఆఖరి ఫోల్డర్‌కి నంబర్లు మార్చి లేచాక నువ్వు టిఫిన్ తెస్తానని కిందికి వెళ్ళావు చూడు, అప్పుడు అర్జునరావు గారు గదిలోకి వచ్చారు. నీకు చెప్పలేదు. నేను లేచి నిలబడి, మళ్ళీ క్షమించమన్నాను. ఆయన నా కుర్చీ వైపు చూపించి "కూర్చోండమ్మా, మీదీ నాదీ కలిపితేనే ఒక తప్పయింది. సగం నాకు వదిలేయండి" అన్నారు. తర్వాత ప్రింటర్‌లో కాగితం అయిపోయిందని వెతుక్కుంటూ వెళ్ళిపోయారు. పెద్ద మాటేమీ కాదు. ఆ గదిలో ఇన్నేళ్ళు పనిచేశాను, ఎవరితోనూ సగం పంచుకోవచ్చని నాకు తెలియదు.

ఎల్లాజీని కూడా కలిశాను. స్టేషన్‌కి వచ్చాడు, నీకు చెప్పొద్దన్నాడు. సంచిలో ఎండు నెత్తళ్ళ చేపలు పెట్టి ఇచ్చాడు. మేం తినమని అతనికి తెలియదు పాపం. తీసుకున్నాను. పక్కింటి ఒరియా ఆవిడకి ఇస్తే పండగ చేసుకుంది.

రైలు కదిలాక కిటికీ పక్కన కూర్చున్నాను. కొత్తవలస దాటడం గుర్తుంది. కొండలెక్కుతూ అరకు, ఆ సొరంగాలు చూడాలని సీటు అడిగి మరీ తీసుకున్నాను. కళ్ళు తెరిచేసరికి చీకటి పడింది, మా ఆయన బచేలి ప్లాట్‌ఫారం మీద నిలబడి కిటికీ కొడుతున్నారు. సొరంగాలన్నీ నిద్రలోనే దాటిపోయాను.

భ్రమరాంబ